వెర్నా ఇంట్లో వెనక గది

మా పక్కింటి నిత్యకి ఈ మధ్యనే ఉద్యోగం వచ్చింది. కమ్మింగ్‌లో అంటే ఇక్కడే అమెరికాలో, పుట్టి పెరిగిన పిల్ల. సివిల్ ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వ సాయంతో ఇళ్ళు కట్టే ఒక ఆఫీసులో చేరింది. మొన్న మా వంటింట్లో కూర్చుని పెసరట్టు తింటూ, "ఆంటీ, మీరు కూడా హౌసింగ్‌లోనే వర్క్ చేశారంట కదా? ఫస్ట్ జాబ్ ఎలా ఉండేది? బోరింగ్ స్టఫ్ స్కిప్ చేసి చెప్పండి," అంది. నోటితో చెబుదామంటే మధ్యలో దాని ఫోను మోగుతుంది, నాకు కోపం వస్తుంది. అందుకని రాస్తున్నాను. నిత్యకి తెలుగు చదవడం రాదు. వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది. ఆవిడకీ కాస్త పని ఉండాలి కదా.

నేను ఎప్పుడు సీనియర్‌నయ్యానో, ఎప్పుడు రిటైరయ్యానో ఇందులో ఉండదు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నది ఒక ఇల్లు, అందులో ఒక గది.

ఉద్యోగం

కాకినాడలో ఇంజనీరింగ్ చదివాను. మా క్లాసులో ఆడపిల్లలం వేళ్ళమీద లెక్కపెట్టేంత మందిమి. పెళ్ళయ్యాక మావారితో డెబ్భైల చివర్లో ఓక్లహోమా రాష్ట్రానికి, లాటన్ ఊరికి వచ్చాను. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నాకు ఊళ్ళోని ఇళ్ళ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం దొరికింది. చుట్టుపక్కల ఉన్న కొమాంచీ అనే అమెరికన్ ఇండియన్ తెగ కుటుంబాలకు ఫెడరల్ డబ్బుతో ఇటుక ఇళ్ళు కట్టించడం మా పని. పునాది చూడటం, నీళ్ళు ఎటు పోతున్నాయో చూడటం, సెప్టిక్ ట్యాంకు చూడటం. వాళ్ళు చేరాక ఏడాదికోసారి వెళ్ళి ఇల్లు ఎలా ఉందో, మనుషులు ఉంటున్నారో లేదో చూసి రావడం. ఇండియా నుంచి వచ్చిన ఇండియన్ అని అందరూ వేసిన జోకు నేను ఉద్యోగంలో చేరిన వారంలోనే పాతబడిపోయింది. దాన్ని ఇక్కడ రాసి మీ ప్రాణం తియ్యను.

మా బాసు పేరు డాసన్. పొడుగాటి మనిషి, మాట తక్కువ, పొగాకు ఎక్కువ. ఏ ఇంటికెళ్ళినా ముందు జేబులోంచి చిన్న రసమట్టం తీసి కిటికీ గట్టు మీద పెట్టి వాలు చూసేవాడు. నాకు తెలిసిన ఇంజనీర్లలో ఆయనంత మంచివాడు ఇంకొకడు లేడు, ఆయనంత మొండివాడూ లేడు. ప్లానులో గుమ్మం రోడ్డువైపు ఉంటే రోడ్డువైపే ఉండాలి. గుమ్మం తూర్పుకి పెట్టమని కొమాంచీ వాళ్ళు ఇంటింటా అడిగేవారు. "వాళ్ళ గుడారాలకి వాకిలి తూర్పుకే ఉండేదట. పెట్టేస్తే మన సొమ్మేం పోయింది?" అన్నాను. గోదావరి జిల్లాలో పుట్టిన దానికి తూర్పు గుమ్మం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. డాసన్ పొగాకు ఉమ్మి, "డ్రాయింగు మార్చాలి," అన్నాడు. మార్చలేదు.

నిత్యా, ఇలాంటి బాసు నీకూ దొరుకుతాడు. తిట్టుకో, కానీ ఆ రసమట్టం పెట్టడం మాత్రం నేర్చుకో.

పందిరి

మేం ఇల్లు కట్టిచ్చిన కొమాంచీ వాళ్ళలో వెర్నా ఒకతె, ఒక స్కూలు వంటశాలలో వంట చేసేది. యాభై దాటిన మనిషి, బొద్దుగా, నిదానంగా ఉండేది. భర్త లేడు. ముగ్గురు ఆడపిల్లలు, ముసలి తండ్రి. వాళ్ళ తాతకి ఒకప్పుడు ప్రభుత్వం ఇచ్చిన నూట అరవై ఎకరాలు వారసులకి ముక్కలై, అమ్ముడుపోయి, కౌలుకి పోయి, చివరికి చేతిలో ఉన్నది కొద్దిగా. అందులో ఒక ఎకరాన్ని ఇంటికోసం ఆఫీసుకి రాసిచ్చింది. అదీ మా పద్ధతి: కుటుంబం స్థలం ఇవ్వాలి, మేము ఇల్లు కడతాం, వాళ్ళు నెలనెలా కొంత కట్టుకుంటూ పోతే చాలా ఏళ్ళకి సొంతమవుతుంది. మధ్యలో ఇల్లు వదిలేస్తే ఇల్లూ పోతుంది, కింద ఉన్న ఎకరమూ పోతుంది.

నేను వెళ్ళినప్పుడల్లా ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు. అందరూ పెరట్లో పందిరి కింద ఉండేవారు. నాలుగు గుంజలు, పైన ఆకులతో ఉన్న కొమ్మలు, కింద మంచాలు, పొయ్యి. వేసవంతా వంట అక్కడే, నిద్ర అక్కడే. డాసన్‌కి అది చూస్తే ఒళ్ళు మండేది. "మూడు బెడ్రూముల ఇల్లు కట్టిస్తే చెట్టుకొమ్మల కింద పడుకుంటారేం?" అనేవాడు. ఆ ఇళ్ళలో జూలై నెలలో ఎప్పుడైనా పడుకుంటే తెలిసేది ఆయనకి.

వెర్నా తండ్రి ఆ పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. టీవీలో కుస్తీపోటీలంటే ప్రాణం. దానికోసం కిటికీలోంచి టీవీని బయటికి తిప్పి పెట్టించాడు. ఆయన పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. వెర్నా అన్నదీ నేను పెట్టిన పేరే.

ఆయన చెప్పినవే నాకు ఆ జనం గురించి తెలిసిన మొదటి మాటలు. కొమాంచీలు ఒకప్పుడు గుర్రాల మీద, అడవిదున్నల మందల వెంట తిరిగిన మనుషులు. దున్నలు పోయాయి, సైన్యం వచ్చింది, గిరి గీసి అందులో ఉండమన్నారు. అదే రిజర్వేషన్. వేట మానిపించి, రేషన్ రోజున వరసలో నిలబడితే గొడ్డుమాంసం, పిండి ఇచ్చారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ గిరిని కూడా చెరిపేసి, మనిషికి నూట అరవై ఎకరాలు చేతిలో పెట్టి, మిగిలిన నేలంతా బయటివాళ్ళకి పంచేశారు.

"మా నాన్నకి సర్కారు చెక్క ఇల్లు కట్టిచ్చింది," అన్నాడు ఒకసారి. "చాలా మంచి ఇల్లు. అందులో గుర్రపు జీన్లు, మొక్కజొన్న పెట్టాడు. మేం పక్కన గుడారంలో పడుకున్నాం. ఎవరూ ఉండలేదు కాబట్టి ఎన్నాళ్ళయినా పాడవలేదు."

ఇంకోసారి తన జుట్టు సంగతి చెప్పాడు. వాళ్ళలో ఇంట్లో ఎవరైనా పోతేనే జుట్టు కోసుకుంటారు. హాస్టలు బడిలో చేర్చిన రోజున ఈయన జడలు కత్తిరించేశారు. "అమ్మ పోయిందనుకున్నాను. నాకు చెప్పడంలేదనుకున్నాను. సెలవులకి ఇంటికి వెళ్తే ఎదురొచ్చింది. దయ్యమనుకుని పరిగెత్తాను," అని నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. కారెక్కాక ఏడుపొచ్చింది.

పరామర్శ

ఆ చలికాలం ఆయన ఇంట్లోనే, వెనక గదిలో పోయాడు. నాకు తెలిసేసరికి కొన్ని నెలలు గడిచాయి. నేను ఏడాది ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే ఇంటికి తాళం ఉంది. పెరట్లో మంచం కాల్చిన మచ్చ ఉంది. వెర్నా పిల్లల్ని తీసుకుని ఊళ్ళో తన మేనత్త ఇంటికి వెళ్ళిపోయిందని పక్కవాళ్ళు చెప్పారు. ఆఫీసుకి వచ్చి చెబితే డాసన్, "రూలు నీకు తెలుసుగా. ఖాళీగా ఉన్న ఇల్లు ఖాళీ ఇల్లే. ట్రెయిలర్లో పసిపిల్లతో ఒక కుటుంబం రెండేళ్ళ నుంచి ఎదురు చూస్తోంది. వెళ్ళి ఆమెని అడుగు. తిరిగి రానంటే వాళ్ళకి ఇచ్చేద్దాం," అన్నాడు. ఆయన చెప్పింది అన్యాయమేమీ కాదు. ఆ ట్రెయిలర్ నేనూ చూశాను, చక్రాల మీద పెట్టిన రేకుడబ్బా లాంటి ఇల్లు. వాన వస్తే లోపల గిన్నెలు పెట్టుకునేవారు.

అప్పుడు మా అత్తయ్యగారు భీమవరం నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆవిడకి ఆ పెద్దాయన తెలుసు. ఒకసారి నాతో పందిరికి వస్తే ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి నా ద్వారా గంటసేపు మాట్లాడుకున్నారు. ఆయన ఆవిడకి అడవి రేగుపళ్ళలాంటి చిన్న ఎర్ర పళ్ళు ఇచ్చాడు. "మనిషి పోతే పలకరించకపోతే ఏం బాగుంటాదే? నేనూ వత్తాను," అని చీర మార్చుకుని బయల్దేరారు.

పరామర్శ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చెయ్యి పట్టుకోవాలి, ఎలా పోయారో అడగాలి, వాళ్ళు మొదటినుంచీ చెప్పాలి, మనం వినాలి, అందరం ఏడవాలి. అత్తయ్యగారు సరిగ్గా అలాగే చేశారు. మేనత్త ఇంటి సోఫాలో వెర్నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, ఆయన పేరు చెప్పి, "ఎలా పోయారమ్మా? బాధపడ్డారా? ఆఖర్న ఏవన్నా మాట్టాడారా? ఫోటో ఉందా, ఓసారి చూత్తాను," అన్నారు. నేను బుద్ధిగా ప్రతి ముక్కా, పేరుతో సహా, ఇంగ్లీషులోకి చెప్పాను. అంటే ఆయన పేరు ఆ గదిలో రెండేసి సార్లు వినపడింది.

మేనత్త లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. పిల్లల్లో ఒకతె టీవీ సౌండు పెంచింది. వెర్నా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోటో లేదు, ఆయనవి ఏవీ లేవు, అన్నీ ఇచ్చేశారు, కాల్చేశారు. ఇంటి విషయం ఎత్తే ధైర్యం లేక నేను లేచాను. కారు దాకా వెర్నా వచ్చింది.

"మీకు తెలియదు కదా, అందుకని చెబుతున్నాను," అంది మెల్లగా. "ఆయన్ని పేరు పెట్టి అనకండి. దూరం వెళ్తున్నారు. పిలిస్తే ఆగిపోతారు."

"ఇంటికి తిరిగి వెళ్ళవా వెర్నా? ఇల్లు పోతుంది. స్థలం కూడా పోతుంది," అన్నాను.

"తెలుసు. మా అమ్మమ్మ వాళ్ళయితే గుడారం కాల్చేసి పొద్దున్నకల్లా వేరే ఏటి ఒడ్డుకి వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఇటుకల్ని ఎలా కాల్చను? ఆ ఎకరాన్ని ఎక్కడికి తీసుకెళ్ళను? నా పిల్లలకి ఇంకేమీ లేదు," అంది. కళ్ళు తుడుచుకోలేదు. వాటిని అలా కారనిచ్చింది.

కారులో అత్తయ్యగారు "మన దగ్గర పేరెత్తకపోతే కూతురు నొచ్చుకుంటాది. నాకేం తెలుసు?" అన్నారు. మళ్ళీ, "ఇంతకీ ఇల్లెందుకు మూశారంట? నక్షత్రం మంచిది కాదా?"

"వీళ్ళకి నక్షత్రం పట్టింపు లేదత్తయ్యా. ఎవరు పోయినా వదిలేస్తారు."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

"ఎప్పటికీయా! మా నాన్న పోయినప్పుడు నక్షత్రం చూసి ఆ ఒక్క గదే మూశాం కదే. దీపం పెట్టి తలుపేసేశాం. తక్కిన ఇంట్లో వండుకు తిన్నాం. వీళ్ళ ఇంటికి గదుల్లేవా ఏంటి?"

నేను కారు పక్కకి ఆపాను. గుడారానికి గదులుండవు. మనిషి పోతే మొత్తం పోవాల్సిందే. కానీ మేం ఇచ్చిన ఇంటికి ఉన్నాయి.

డాసన్

మర్నాడు వెర్నాని స్కూలు దగ్గర కలిశాను. ఆ గది మూసేస్తే సరిపోతుందా అని అడిగాను. మేనత్తని అడగాలంది. మేనత్త జవాబు రెండు రోజులకి వచ్చింది. "మూస్తే లోపల ఉంటాడు. ఉండకూడదు. తీసేస్తారా?"

మన పద్ధతీ వాళ్ళ పద్ధతీ ఒకటేనని నేను లోలోపల మురిసిపోతున్నాను అప్పటికి. కాదు. మనం తలుపు వేసి, గడువు అయ్యాక శాంతి చేయించి తెరుస్తాం. వాళ్ళు మనిషికి దారి ఇవ్వడం కోసం గోడలే లేకుండా చేస్తారు. వృత్తిలో ఇది గుర్తుపెట్టుకో నిత్యా: ఎదుటివాళ్ళది మనదానిలాగే ఉందనిపించిన చోట ఇంకో ప్రశ్న అడగాలి.

ఆ గది ఇంటికి చివర్న ఉంది. దాన్ని తీసేసి కొత్త చివరిగోడ కట్టుకోవచ్చు, మిగతా కప్పుకి ఏమీ కాదు. డ్రాయింగు వేసి డాసన్ ముందు పెట్టాను. ఆ గది నేలకి నేను గీసిన పగులు ఆయన డ్రాయింగులో చూసి, "బంకమట్టి ఉబ్బిందా? దీనికోసమా?" అన్నాడు.

అవునంటే పని అయిపోయేది. "పగులుకి సిమెంటు పూస్తే చాలు. దీనికోసం కాదు," అని జరిగింది చెప్పాను.

"ప్రభుత్వ డబ్బుతో కట్టిన గదిని దయ్యం కోసం కూలగొట్టమంటావు."

"ఆ ట్రెయిలర్లో కుటుంబం ఎవరు?" అన్నాను.

"ఎవరేంటి? కొమాంచీలే."

"మరి వాళ్ళు పడుకుంటారా ఆ గదిలో?"

డాసన్ నోట్లో పొగాకు ఉమ్మేశాడు. ఇన్నేళ్ళలో ఆయనకి ఆ ప్రశ్న తట్టలేదు. నన్ను అడక్కుండానే టోపీ పెట్టుకుని ఆ ట్రెయిలర్‌కి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సాయంత్రం తిరిగొచ్చి, "ఇంకో ఇల్లు వచ్చేదాకా ఆగుతామన్నారు. పసిపిల్లతో, ఆ చెత్త ట్రెయిలర్లో," అన్నాడు. నా డ్రాయింగు లాక్కుని గోడ మందం సరిగ్గా వేయలేదని తిట్టి, దిద్ది, సంతకం పెట్టాడు. ఆ ట్రెయిలర్ కుటుంబానికి ఆ ఏడాది చివర్లో ఇల్లు దొరికింది. అంతవరకూ వాన పడ్డప్పుడల్లా నాకు ఆ గిన్నెలు గుర్తొచ్చేవి. ఒకళ్ళకి చేసిన మంచిపని ఇంకొకళ్ళ నెత్తిన పడకుండా ఈ ఉద్యోగంలో ఎప్పుడూ జరగదు. ఎవరైనా జరుగుతుందంటే నమ్మకు.

గదిని వెర్నా బంధువులే కూలగొట్టారు. నేలకాంక్రీటు కూడా పగలగొట్టి తీసుకెళ్ళారు. కొత్త గోడ లేచాక మేనత్త నిప్పుల మీద సెడార్ ఆకు వేసి, మనం సాంబ్రాణి వేసినట్టు, ఇల్లంతా పొగ తిప్పింది. గది ఉన్న చోట ఏమీ కట్టవద్దంది. అక్కడ గడ్డి మొలిచింది. వెర్నా పిల్లలతో తిరిగొచ్చింది. ఇల్లు దక్కింది, ఎకరమూ దక్కింది.

పాత పందిరి పుచ్చిపోతే కొత్తది వంటింటి వైపు వేసుకుంటామన్నారు. వంటింటి చూరుకే దూలాలు ఆనించాలని వాళ్ళ ఆలోచన. వద్దన్నాను. ఆ ఎర్రమట్టి ఎండకి బిగుస్తుంది, వానకి ఉబ్బుతుంది, పందిరి కదిలితే చూరుని లాగేస్తుంది, లోపలికి నీళ్ళొస్తాయి. "గుంజలు వేరే పాతండి, కప్పుకీ చూరుకీ మధ్య జానెడు వదలండి," అని నేనే దగ్గరుండి వేయించాను. నాకు ఆ రోజు నీళ్ళ గోలే తప్ప ఇంకో ఆలోచన లేదు.

అక్టోబరు

తరవాత చాలా ఏళ్ళకి, ఎనభైల చివర్న, వెర్నా పెద్దకూతురు లిండా ఆఫీసుకి ఫోను చేసింది. వెర్నాకి కిడ్నీలు పోయాయని నాకు తెలుసు. ఆసుపత్రి వాళ్ళు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారని లిండా చెప్పింది. "అమ్మ ఇంట్లోకి రానంటోంది. పందిట్లోనే మంచం వేయించుకుంది. చలి మొదలైంది. మీ మాట వింటుంది, ఒకసారి రండి," అని ఏడ్చింది.

వెళ్ళాను. నాలుగు దుప్పట్ల కింద వెర్నా చిక్కిపోయి ఉంది. మొహం మాత్రం వంటశాలలో పిల్లలకి వడ్డించేటప్పటి మొహమే. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. లోపలికి పదమని నేను నోరు తెరిచేలోపే తనే మాట్లాడింది.

"లోపలికి తీసుకెళ్ళమని నిన్ను పిలిపించారు కదా."

"అవును. చలిగా ఉంది వెర్నా."

"నేను లోపల పోతే ఈ పిల్లలు ఏం చేస్తారో నీకు తెలుసు. లిండాకి పిల్లలున్నారు. ఈసారి ఎన్ని గదులు కూలుస్తావు?" అని కాస్త నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. పైకి, కొమ్మల కప్పు వైపు చూసింది. "నువ్వు ఇంజనీరువి. నాకు నిజం చెప్పు. ఇది ఆ ఇంట్లో భాగమా?"

పూర్వం పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు ఇల్లు వదిలేవారు. ఇప్పుడు బతికున్నవాళ్ళకి ఇల్లు మిగలాలని పోయేమనిషి బయటికొచ్చి చలిలో పడుకుంది. వాళ్ళని ఆ స్థితికి తెచ్చినవాళ్ళలో నా ఆఫీసూ ఉంది. లేచి వెళ్ళి చూశాను, నేను వేయించినదే అయినా మళ్ళీ చూశాను. గుంజలు చూశాను, దూలాలు చూశాను, చూరు దాకా వెళ్ళి మధ్యలోకి చెయ్యి పెట్టి చూశాను. తిరిగొచ్చి కూర్చున్నాను.

"కాదు. గుంజలు వేరు, కప్పు వేరు. ఎక్కడా తగలడం లేదు. మధ్యలోంచి ఆకాశం కనిపిస్తోంది," అన్నాను.

"మంచిది," అంది వెర్నా. దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "అయితే లిండాతో చెప్పు. వంటింట్లో దీపం ఆర్పొద్దని."

ఆ వారంలోనే ఆమె పోయింది. నేను వెళ్ళేసరికి పందిరి లేదు. గుంజలు పీకి దూరంగా తీసుకెళ్ళి కాల్చేశారు. ఇంట్లో లిండా పిల్లలకి అన్నం పెడుతోంది. తలుపు తెరిచే ఉంది.

అన్నేళ్ళ ఉద్యోగంలో నేను దగ్గరుండి కట్టించిన వాటిలో నాకు గర్వంగా అనిపించేది ఆ పందిరి ఒక్కటే. వాళ్ళు దాన్ని కాల్చగలిగారు.